రాయలసీమలో ఎండుమేత: గడ్డివామి నుంచి కుందేలు గూటి వరకు

కర్నూలు, కడప ప్రాంతాల పల్లెలలో "ఎండుగడ్డి" అనే మాటకు అర్థం చెప్పనక్కర లేదు. దొడ్డిలో వామిగా వేసిన వరిగడ్డి, జొన్నచొప్ప, కొర్రగడ్డి - ఇవే ఎండుమేత. గింజను రాలగొట్టుకొన్న తరువాత మిగిలిన పైరు కాడలే ఇవన్నీ. కుందేళ్ల పెంపకాన్ని గురించి పాశ్చాత్య దేశాలలో అచ్చయిన పుస్తకాలు తెరిస్తే వాటిలో కూడా ఎండుగడ్డి మాటే మొదట కనిపిస్తుంది. కుందేలు తినే తిండిలో ఎక్కువ భాగం ఎండుగడ్డి కావాలని ఆ పుస్తకాలు చెబుతాయి. ముచ్చటపడి ఇంటికి ఒక తెల్ల కుందేలును తెచ్చుకొన్న బాలుడు ఈ మాట చదివి, ఊరిలో దొరికే వరిగడ్డిని ఒక మోపు తెచ్చి గూటిలో వేస్తాడు. కుందేలు దానిని కొంచెం కొరికి వదలివేస్తుంది. గత్యంతరం లేక దానినే తింటే కొన్ని నెలలలో చిక్కిపోతుంది.

ఇక్కడ తప్పు బాలునిది కాదు. మాటలో ఉన్న చిక్కు అది. ఇంగ్లీషువారు ఎండుమేతను రెండుగా విభజించి, "హే" అని ఒకదానిని, "స్ట్రా" అని మరొకదానిని అంటారు. పూతకు వచ్చే వేళ, ఇంకా పచ్చగా ఉన్నప్పుడే కోసి ఆరబెట్టిన గడ్డి మొదటిది. గింజ పండి, ఆకులలోని సారమంతా గింజకు చేరిన తరువాత మిగిలే కాడ రెండవది. చూడడానికి రెండూ ఎండిన గడ్డే. కాని మొదటిది పోషకాలతో నిలవ చేసిన ఆహారం. రెండవది ఆ పోషకాలు చాలావరకు తరలిపోయిన పీచు. మన వాడుకలో ఈ రెండింటికీ ఎండుగడ్డి అనే పేరు చెల్లుతున్నది. ఎందుకిలా జరిగింది? దీనికి జవాబు నిఘంటువులో లేదు. రాయలసీమ వానలోను, సేద్యంలోను, కరువులలోను ఉన్నది.

కుందేలు ఎక్కడి జంతువు?

ముందుగా ఆ జంతువు సంగతి చూద్దాం. తెలుగులో కుందేలు అనే పేరు కూడా రెండు వేర్వేరు జంతువులకు చెల్లుతుంది. నల్లమల అంచులలోను, ఎర్రమల బీళ్లలోను కనిపించే అడవి కుందేలు, అనగా కొందరు చెవులపిల్లి అని పిలిచేది, ఒక జాతి. దాని శాస్త్రీయ నామం లీపస్ నైగ్రికాలిస్. ఇది బొరియలు తవ్వదు. దీని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకొనే పుడతాయి. విజయనగరం వెలసిన చోట కుందేలు వేటకుక్కలను ఎదిరించిందని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 16వ శతాబ్దంలో వ్రాసిపెట్టిన కథలోని కుందేలు ఈ జాతిదే అయి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని పట్టడం, పెంచడం నేరం.

ఇళ్లలో పెంచే తెల్ల కుందేలు వేరు. దాని పేరు ఒరిక్టొలాగస్ క్యూనిక్యులస్. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం. ఇది బొరియలు తవ్వుతుంది. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుడతాయి. భారతదేశపు అడవులలో ఈ జాతి సహజంగా లేదు. అంటే మన ఇళ్లలోని కుందేలు ఐరోపానుంచి వచ్చిన అతిథి. దానితోపాటు దాని తిండిని గురించిన పుస్తకాలు కూడా అక్కడినుంచే వచ్చాయి. ఆ పుస్తకాలు మెచ్చుకొనే తిమోతీ గడ్డి చల్లని దేశాల పంట. 18వ శతాబ్దం తొలి రోజులలో అమెరికాలో దాని సాగును ప్రచారం చేసిన తిమోతీ హాన్సన్ అనే రైతు పేరే ఆ గడ్డికి నిలిచిపోయింది. నేడు నగరాల అంగళ్లలో ఆ గడ్డి పొట్లాలు దొరుకుతున్నాయి. కాని సముద్రాలు దాటి వచ్చిన గడ్డికి వెల ఎక్కువ. సీమలో దానికి సాటివచ్చేది ఏదైనా ఉన్నదా అన్నది మన ప్రశ్న.

చలి నేర్పిన విద్య, వాన నేర్పిన విద్య

ఐరోపాలో శీతకాలం నాలుగైదు నెలలు గడ్డి పెరగదు. చాలాచోట్ల మంచు కప్పుతుంది. ఆ నెలలలో పశువులు బ్రతకాలంటే వేసవిలో గడ్డిని కోసి దాచుకోవాలి. అక్కడ వేసవి పగళ్లు పొడవు. గడ్డి పూతకు వచ్చే రోజులలో ఆరబెట్టుకొనేపాటి ఎండ దొరుకుతుంది. అందువల్ల గడ్డి ఆరబెట్టడం అక్కడ ఒక ప్రత్యేకమైన పంటపని అయింది. దాని విలువ ఎంతటిదంటే, 19వ శతాబ్దారంభంలో ఆల్బ్రెక్ట్ తేయర్ అనే జర్మన్ వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఇతర మేతలన్నింటినీ ఎండుగడ్డితో పోల్చి కొలిచాడు. నూరు పౌనుల మంచి ఎండుగడ్డికి ఏ మేత ఎంత సాటి అన్నదే అతని కొలబద్ద. తరువాత 1860 ప్రాంతంలో జర్మనీలోని వీండె పరిశోధనశాలలో హెన్నెబర్గ్, స్టోమన్ అనేవారు మేతలోని నీరు, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద వేరువేరుగా కొలిచే పద్ధతిని ఏర్పరచారు. పశువుల దాణా సంచి మీద నేటికీ కనిపించే "ముడి పీచు" అనే అంకె ఆ పద్ధతినుంచి వచ్చినదే.

రాయలసీమలో ప్రకృతి నడక వేరు. ఇక్కడ పశువుకు గడ్డురోజులు శీతకాలం కాదు, ఎండాకాలం. గడ్డి మొలిచి పూతకు వచ్చేది జూన్‌నుంచి అక్టోబరువరకు పడే వానలలో. ఆ వేళ కోసి పరిస్తే మబ్బు పట్టిన రోజులలో ఆరకముందే బూజు పడుతుంది. ఆరబెట్టడానికి తగిన ఎండలు వచ్చేసరికి గడ్డి విత్తు రాల్చి ముదిరిపోతుంది. పైగా అప్పటికి రైతుకు పంటకోతలు మీద పడి ఉంటాయి. కావున ఇక్కడి రైతు గడ్డిని కోసి దాచే పద్ధతికి పోలేదు. పచ్చగడ్డిని పశువుచేత నేరుగా మేపించి, ఎండాకాలానికి పైరు కాడను దాచుకొన్నాడు. ఒకే పైరు మనిషికి గింజను, ఎద్దుకు చొప్పను ఇవ్వాలన్నది ఈ సేద్యంలోని సూత్రం. ఇటువంటి చోట ఎండుగడ్డి అనే మాటకు వామిలోని చొప్ప, గడ్డి అనే అర్థం స్థిరపడడంలో వింత లేదు.

చొప్ప మీద నిలిచిన సేద్యం

నల్లరేగడి నేలలలో జొన్న ప్రధానమైన పైరుగా ఉండడానికి గింజ ఒక్కటే కారణం కాదు. ఒక చిన్న లెక్క చూడండి. మూడువందల కిలోల బరువుగల ఎద్దు రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత తింటుంది. కాడికి కట్టే జత ఎద్దులకు సుమారు 13 కిలోలు కావాలి. సంవత్సరానికి ఇది 4,700 కిలోలకు పైమాట. మెట్టలో ఎకరానికి ఒక టన్ను చొప్ప వస్తుందనుకొంటే, బీడు మేత లేనప్పుడు ఒక జత ఎద్దులకోసమే దాదాపు అయిదెకరాల జొన్న చొప్ప కావలసి ఉంటుంది. ఈ భారాన్ని తగ్గించేవి బీళ్లు, గట్లు, అడవులు. ఎండాకాలంలో మైదానాల పశువులను మందలుగా నల్లమల అడవులకు తోలుకొని పోవడం పూర్వంనుంచీ ఉన్న ఆచారం.

వామి వేయడంలోకూడా తెలివి ఉన్నది. చొప్పకట్టలను బాగా ఆరిన తరువాతనే పేరుస్తారు. అడుగున రాళ్లో కట్టెలో పరచి నేల తేమ తగలకుండా చేస్తారు. వాననీరు జారిపోయేటట్లు పైభాగాన్ని వాలుగా తీరుస్తారు. పచ్చి మిగిలిన మేతను పేరిస్తే ఏమి జరుగుతుందో రసాయనశాస్త్రం చెబుతుంది: కాడలోని జీవకణాలు, వాటిమీది సూక్ష్మజీవులు శ్వాసిస్తూ చక్కెరలను ఖర్చుచేస్తాయి; ఆ వేడి బయటికి పోలేక వామి లోపల పెరుగుతుంది; ఒక్కొక్కప్పుడు వామి తనంత తానే అంటుకొంటుంది. మేతలో తేమ నూటికి 15 పాళ్లకు లోపుగా ఉంటే నిలవకు భయం లేదు. పల్లె రైతు ఈ అంకె ఎరుగడు. కాడను వంచి, విరిగిన చప్పుడు విని నిర్ణయిస్తాడు.

ధాత కరువు

ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో 1876లో తెలిసివచ్చింది. అది ధాత నామ సంవత్సరం. ఆ ఏడు నైరుతి ఋతుపవనం, తరువాత ఈశాన్య ఋతుపవనం రెండూ దత్త మండలాలలో విఫలమయ్యాయి. 1877లో కూడా వానలు చాలా ఆలస్యమయ్యాయి. మదరాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతిన్న వాటిలో చేరాయి. 1871 జనాభా లెక్కకు, 1881 లెక్కకు మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది.

ధాన్యం పోయిన ఏడు చొప్పకూడా పోతుంది. రెండూ ఒకే పైరువి కదా! గింజ పట్టని పైరు కాడ అయినా మిగులుతుందనుకోవచ్చు; కాని మొలకెత్తక ఎండిన చేనులో అదికూడా లేదు. నిరుటి వాములు తరిగిన తరువాత ఇళ్ల కప్పుల మీది పాత గడ్డిని సైతం దూసి పశువులకు వేశారు. నాగజెముడు ముళ్లను మంటలో కాల్చి, మట్టలను ముక్కలు చేసి మేపడం కరువు రోజుల ఉపాయాలలో ఒకటి. నాగజెముడులో నూటికి 85 పాళ్లకు పైగా నీరే. ఎండుమేతతో కలిపి పెడితే ప్రాణం నిలుపుతుంది. అది ఒక్కటే పెడితే పశువుకు పారుడు పట్టుకొంటుంది. అనగా నాగజెముడుకు కూడా ఎంతో కొంత చొప్ప తోడు కావలసిందే.

ధాన్యాన్ని దూరంనుంచి తేవచ్చును. 1871 నాటికి మదరాసునుంచి కడప మీదుగా రాయచూరుకు రైలుమార్గం పూర్తయింది. కరువులో బియ్యపు మూటలు దానిమీద వచ్చాయి. మరి చొప్పను ఎందుకు తేలేకపోయారు? చొప్పకు బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. బండెడు చొప్ప చూపుకు కొండంత ఉన్నా తూకానికి కొద్దిగానే ఉంటుంది. రైలు స్టేషనునుంచి ఊరికి దానిని చేర్చవలసినది ఎద్దులే. ఆ ఎద్దులు దారిలో తినేది ఆ బండిలోని చొప్పనే. దూరం పెరిగినకొద్దీ ఊరు చేరే మేత తగ్గిపోతుంది. మేతలేక ఎద్దులు చచ్చిన చోట ఆ బండ్లను లాగేవికూడా లేవు. ఎండుమేత దగ్గరలో ఉంటేనే మేత అనే సత్యాన్ని ఈ కరువు నేర్పింది.

దాని ఫలం మరుసటి ఏటికికూడా ప్రాకింది. వాన పడినప్పుడు దున్నడానికి ఎద్దులు లేవు. కాపాడుకొన్న కొద్ది విత్తనం కూడా చేతనే ఉండిపోయింది. ధాన్యపు కరువు వానతో తీరవచ్చును; ఎద్దుల కరువు తీరడానికి దూడలు పెరిగి కాడి మోసేదాకా మూడు నాలుగేండ్లు ఆగాలి. తుంగభద్ర మీద సుంకేశుల ఆనకట్టనుంచి కడప వరకు త్రవ్విన కర్నూలు-కడప కాలువ అప్పటికే సిద్ధమై ఉన్నది. కాని మెట్టపైర్లకు అలవాటుపడిన రైతులు దాని నీటిని మొదట తగినంతగా వాడుకోలేదు. కట్టిన కంపెనీ చేతినుంచి 1882లో ప్రభుత్వం దానిని తీసుకొన్నది. కాలక్రమాన ఆ కాలువ కింద వరి విస్తరించి, వరిగడ్డి సీమలో ఒక ముఖ్యమైన మేత అయింది.

అడవి, పుల్లరి, గరిక

1882లోనే మదరాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు హద్దులు వేసి రక్షించబడ్డాయి. వంటచెరకు, మేత అడవినుంచి తెచ్చుకొనే హక్కు కుదించుకుపోయింది. పశువును అడవిలో మేపాలంటే పుల్లరి చెల్లించాలి. 1889 చివరనుంచి భారతదేశంలో పర్యటించిన వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1893లో ప్రచురించిన నివేదికలో, గ్రామాల సమీపంలో వంటచెరకుకు, మేతకు ప్రత్యేకంగా వనాలు ఉండాలని సూచించాడు. మేత దగ్గరలో ఉండాలన్న కరువు పాఠమే అది. ఆ సూచన చాలావరకు కాగితంమీదనే ఉండిపోయింది. పుల్లరి భారం 1921-22లో పల్నాడులోను, అప్పటి కడప జిల్లాలోని రాయచోటి తాలూకాలోను అటవీ సత్యాగ్రహాలకు కారణమైంది. 1922 ఫిబ్రవరిలో పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం కోల్పోయింది ఈ పుల్లరిని ఎదిరించే పోరాటంలోనే. ఎండుమేత చరిత్ర స్వాతంత్ర్య చరిత్రతో కలిసిన ఘట్టం ఇది.

ఇక గరిక మాట. పైరు కాడ ఎద్దుకు చాలునుగాని గుర్రానికి చాలదు. బళ్లారివంటి దండు ఉన్న ఊళ్లలో గుర్రాలకు గడ్డి తేవడం ఒక ప్రత్యేకమైన వృత్తిగా ఉండేది. గడ్డి కోసేవారు, ముఖ్యంగా స్త్రీలు, పొలంగట్లమీద గరికను చెక్కి, మట్టి దులిపి, మోపులు కట్టి తెచ్చేవారు. గుర్రం నెమరువేయదు. దానికి నాలుగు గదుల కడుపు లేదు. పీచు కరిగే పని దాని పెద్దప్రేగులలో, అందులోను అంధనాళంలో జరుగుతుంది. కుందేలుకూడా ఈ విషయంలో గుర్రానికి చుట్టమే. కాబట్టి మన నేలమీద కుందేలుకు తగిన గడ్డి ఏదని వెదికేవారు ఎద్దుల గాడివైపు కాక, ఆనాటి గుర్రపు లాయంవైపు చూడడం మంచిది. అక్కడ కనిపించేది గరిక. వినాయకచవితి పత్రిలో చేరే ఈ సామాన్యమైన గడ్డికి శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దీనినే బెర్ముడా గడ్డి అంటారు. అక్కడ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిలో ఎండబెట్టడానికి అనువైన ఒక సంకర రకాన్ని 1943లో విడుదల చేశాడు. ఎండిన బెర్ముడా గడ్డిని అక్కడ గుర్రాలకు, కుందేళ్లకు నేటికీ పెడుతున్నారు.

చొప్ప తరిగిన విధం

20వ శతాబ్దంలో సీమ చేలు మారిపోయాయి. మార్సేల్స్ వంటి ఐరోపా రేవులకు నూనెగింజల ఎగుమతి పెరగడంతో వేరుశనగ ఎర్రనేలలను ఆక్రమించింది. వేరుశనగ కట్టె కూడా మంచి మేతే; పప్పుజాతి మొక్క కనుక జొన్నచొప్పకంటె మాంసకృత్తులు ఎక్కువ. కాని కాయలు పీకే వేళ వాన తగిలితే కట్టె నల్లబడి బూజు పడుతుంది. నల్లరేగడిలో జొన్న మరికొంత కాలం నిలిచింది. 1906లో స్థాపించిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో జొన్నమీద దీర్ఘకాలం కృషి జరిగింది. 1964లో దేశంలోని మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలైంది. అది పొట్టి రకం. గింజ ఎక్కువ, చొప్ప తక్కువ. గింజతోపాటు చొప్పనుకూడా లెక్కించే మెట్టరైతుకు ఇటువంటి రకాలు పూర్తిగా నచ్చలేదు. 1990 తరువాత కర్నూలు నల్లరేగళ్లలో శనగ విస్తరించి, రబీ జొన్నను చాలావరకు త్రోసివేసింది. ట్రాక్టరు రాకతో ఎద్దులు తగ్గాయి. పాడిపశువులకు మాత్రం మేత కావలసే ఉన్నది.

చొప్ప నాణ్యతను రైతు కన్ను పట్టుకోగలదా అన్న విషయం ఈ మధ్యకాలంలో పరీక్షకు వచ్చింది. హైదరాబాదు పాడిపశువులకోసం అమ్మే జొన్నచొప్పను 2000 తరువాతి సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు విశ్లేషించి చూశారు. తక్కువ ధర చొప్పకు, ఎక్కువ ధర చొప్పకు జీర్ణమయ్యే భాగంలో ఉన్న తేడా నూటికి అయిదు పాళ్లే. సుమారు 47 పాళ్లు ఒకదానికి, 52 పాళ్లు రెండవదానికి. అయినా ధరలో తేడా నాలుగోవంతు ఉన్నది. కంటితో చూసి, చేతితో పట్టి కొనే వ్యాపారి పరీక్ష ప్రయోగశాల పరీక్షతో ఏకీభవించింది! గడ్డిని ఎంచుకోవడం నేర్చుకోదగిన విద్య అని దీనివల్ల తెలుస్తున్నది.

కుందేలు కడుపులోని ఏర్పాటు

కుందేలు విషయంలో ఎండుగడ్డికి రెండు పనులు ఉన్నాయి. మొదటిది పళ్ల పని. కుందేలు పళ్లు జన్మమంతా పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. పొడవైన గడ్డిపోచలను గంటలతరబడి నమిలితేనే దవడపళ్లు సమంగా అరుగుతాయి. రెండవది ప్రేగుల పని. పీచులోని పెద్ద తునకలు ప్రేగులను కదిలిస్తూ, గుండ్రని గట్టి పెంటికలుగా త్వరగా బయటికి పోతాయి. సన్నని తునకలు వెనుకకు మళ్లి అంధనాళంలో చేరుతాయి. అక్కడ సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి మాంసకృత్తులను, బి విటమినులను తయారుచేస్తాయి. ఇవి మెత్తని ముద్దలుగా బయటికి రాగానే కుందేలు వాటిని తిరిగి తింటుంది. దీనిని ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు మోరో 1882లో వర్ణించాడు. చూచినవారు అసహ్యించుకొని ఈ అలవాటును మాన్పించబూనడం పొరపాటు; ఆవుకు నెమరు ఎట్లాగో కుందేలుకు ఇది అట్లాగు.

ఆవు కడుపులో పీచులో సుమారు సగం జీర్ణమవుతుంది. కుందేలు కడుపులో జీర్ణమయ్యేది ఆరోవంతుకు మించదు. అందువల్ల ముదిరిన కాడలలో మిగిలిన కొద్ది సారాన్ని ఆవు రాబట్టుకోగలదు; కుందేలు రాబట్టుకోలేదు. దానికి పీచు కావాలి, ఆ పీచుతో ఆకు సారంకూడా కావాలి. పీచు తగ్గి గింజ, బిస్కత్తు, రొట్టెవంటివి ఎక్కువైతే ప్రేగుల కదలిక ఆగిపోయి, ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు.

ఏ గడ్డి తగినది?

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ. ఇది గూటిలో పరుపుగా వేయడానికి మంచిది, ప్రధానాహారంగా పనికిరాదు. జొన్నచొప్పలో ఆకులు మేలు, దంట్లు కొరకడానికి మాత్రమే ఉపయోగం. అయితే లేత జొన్న, వానలేక వాడిన జొన్న, కోసిన మోళ్లనుంచి లేచిన పిలకలు పచ్చిగా పెట్టరాదు. వాటినుంచి పుట్టే ప్రూసికామ్లమే పశువులకు "నాము" తగలడానికి కారణం. ఆ విషాన్ని పుట్టించే పదార్థాన్ని జొన్న మొలకలనుంచి డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రజ్ఞులు 1902లో వేరుచేశారు. బాగా ఎండిన చొప్పలో దీని ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

వేరుశనగ కట్టె పెరిగే పిల్లలకు, పాలిచ్చే తల్లికి కొద్దికొద్దిగా పెట్టవచ్చు. పెద్ద కుందేలుకు రోజూ పెడితే సున్నం ఎక్కువవుతుంది. కుందేలు తిండిలోని సున్నాన్ని అవసరానికి మించి రక్తంలోనికి తీసుకొని, మిగులును మూత్రంలో విడుస్తుంది. అది మూత్రాశయంలో బురదలా పేరుకొంటుంది. వీటన్నింటికంటె ముఖ్యమైన జాగ్రత్త బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, కారణం బ్రెజిలునుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు విషమని తేలింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. ఈ విషానికి త్వరగా లొంగిపోయే జంతువులలో కుందేలు ఒకటి. కాబట్టి నల్లమచ్చలున్న కట్టెను ఎంత చవుకగా వచ్చినా వదలివేయాలి.

కుందేలుకు రోజువారీ మేతగా సీమలో సులభంగా దొరికేది పూతకు ముందు కోసి ఆరబెట్టిన గరికే. నల్లరేగడి గట్లమీది చెంగలిగడ్డి కూడా లేతగా కోస్తే మంచిదే. బట్టలకు, చర్మానికి గుచ్చుకొనే ముళ్లకంకులుగల గడ్డిని మాత్రం ఏరివేయాలి. ఆ ముళ్లు నోటిలోను, కంటిలోను దిగుతాయి.

సంపాదించడం, ఆరబెట్టడం

రెండు కిలోల కుందేలుకు రోజుకు 75 గ్రాముల ఎండుగడ్డి పెట్టారనుకొందాం. ఏడాదికి 27 కిలోలు చాలు. ఒక జత ఎద్దుల ఏడాది మేతతో నూట డెబ్బై కుందేళ్లను ఏడాదిపాటు పోషించవచ్చన్నమాట. పచ్చి గరికలో నూటికి 70 నుంచి 75 పాళ్లు నీరు కనుక, ఒక కిలో ఎండుగడ్డికి మూడు, మూడున్నర కిలోల పచ్చిగడ్డి కోయాలి. ఏడాది మొత్తానికి 80 నుంచి 95 కిలోల పచ్చిగడ్డి అవసరం. వానకాలంలో మూడు నెలలు రోజుకొక కిలో కోసినా సరిపోతుంది. పాఠశాల తోట, ఇంటి పెరడు, తెలిసిన రైతు పొలంగట్టు ఇందుకు చాలు. మురుగుకాలువల ఒడ్డున, బస్సులు తిరిగే దారిప్రక్కన పెరిగినది కోయరాదు. రైతును అడిగి తెచ్చుకొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి: ఎప్పుడు కోశారు? కోసిన తరువాత వాన తగిలిందా? దగ్గరలో పురుగుమందు చల్లారా? ఈ మూడింటికీ సరియైన జవాబు వస్తే గడ్డి పేరు ఏదైనా సగం పరీక్ష ముగిసినట్లే.

ఉదయం మంచు ఆరిన తరువాత గడ్డి కోసి, వరండాలోనో, గాలి ఆడే కప్పు క్రిందనో పలుచగా పరచి, రోజుకు రెండుసార్లు తిరగవేయాలి. తీక్షణమైన ఎండలో ఎక్కువ రోజులు ఉంచితే ఆకుపచ్చరంగుతోపాటు కెరోటిన్‌కూడా నశిస్తుంది. మంచి ఎండుగడ్డికి గుర్తులు నాలుగు: రంగులో పచ్చదనం మిగిలి ఉండాలి, వాసన తీయగా ఉండాలి, పోచ వంచితే విరగాలి, దులిపితే దుమ్ము లేవకూడదు. నిలవకు గోనెసంచి మంచిది. ప్లాస్టిక్ సంచిలో తేమ బయటికి పోదు.

పాఠశాలలో ఈ ప్రయోగం చేయవచ్చు. నూరు గ్రాముల పచ్చి గరికను త్రాసులో తూచి, ప్రతిరోజు ఒకే వేళకు మళ్లీ తూచండి. బరువును నిలువు గీతమీద, రోజులను అడ్డు గీతమీద గుర్తించి రేఖాపటం గీయండి. బరువు మారకుండా నిలిచిన రోజున గడ్డి ఆరినట్లు. ఆ రోజున ఒక గుప్పెడు గడ్డిని పొడి ఉప్పుతో సహా మూతగల గాజుసీసాలో వేసి కొన్ని నిమిషాలు ఊపండి. ఉప్పు పొడిగా రాలితే నిలవకు తగినది. ఉండ కట్టితే ఇంకా ఆరాలి. ఎండలో ఒక భాగం, నీడలో ఒక భాగం ఆరబెట్టి రంగును, వాసనను పోల్చిచూస్తే మరింత తెలుస్తుంది.

ధాత కరువులో చొప్ప లేనందువల్ల ఎద్దు పోయింది, ఎద్దు పోయినందువల్ల సేద్యం పోయింది. నేడు ఇంటి గూటిలోని చిన్న జంతువు ప్రాణంకూడా ఎండుగడ్డి మీదనే ఆధారపడి ఉన్నది. గడ్డి గుణాన్ని నిర్ణయించేది దాని పేరో, పొట్లం మీది వెలో కాదు. కోసిన వేళ, ఆరబెట్టిన తీరు, దాచిన చోటు. ఈ మూడింటి విలువను సీమ రైతు కరువులలో నేర్చుకొన్నాడు. అతడు వామిముందు నిలిచి కాడను ఎందుకు విరిచి చూస్తాడో విద్యార్థులు అతనినే అడిగి తెలుసుకోవాలి.